రిప్లై కొడితే ఎక్కడికి వెళ్తుంది?

బ్యాంకు మెయిల్ కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది, చూశారా? 'ఇది ఆటోమేటిక్‌గా వచ్చిన మెయిల్. దయచేసి రిప్లై ఇవ్వకండి' అని. లక్షల మందికి మెయిళ్లు పంపే బ్యాంకు అలా అంటే సరేలే అనుకోవచ్చు. పదిమంది పనిచేసే ఆఫీసులో, సొంత సర్వర్ మీద నడిచే అప్లికేషన్ కూడా అదే చేస్తే? పైగా రిప్లై ఇవ్వొద్దని చెప్పకుండా, వచ్చిన జవాబుని చప్పుడు చేయకుండా మింగేస్తే?

మా టీమ్‌లో జరిగింది అదే. బగ్గులూ, చేయాల్సిన పనులూ రాసుకోడానికి మాకు సొంత సర్వర్ మీద గిట్‌ల్యాబ్ ఉంది. ఒక శుక్రవారం డెవలపర్ 'బిల్లులో రౌండింగ్ సరిచేశాను, ఓకేనా?' అని కామెంట్ పెట్టాడు. ఊరెళ్తున్న మా టెస్టర్ ఫోన్‌కి అది మెయిల్‌గా వెళ్లింది. రైల్లోంచే ఆమె రిప్లై కొట్టింది: 'ఓకే కాదు. రెండో ఐటమ్ కలిపితే మొత్తం తప్పొస్తోంది.'

సోమవారం రిలీజ్ వెళ్లిపోయింది, ఆ తప్పుతో సహా. 'నేను చెప్పాను కదండీ' అంది ఆమె. 'ఎక్కడ చెప్పారు?' అన్నాడు అతను. ఇద్దరిదీ నిజమే. కానీ మీటింగ్ నోట్స్‌లో ఆమె పేరు పక్కన 'స్పందించలేదు' అని పడింది. సెంట్ ఫోల్డర్ తెరిచి చూపించాకే ఆ మాట తీసేశారు. ఆమె జవాబు ఎవరూ తెరవని ఒక 'నో రిప్లై' అడ్రస్‌కి వెళ్లింది. జవాబులు వచ్చే దారి వేసే పని ఆ వారం నాకొచ్చింది. ఆ దారి ఎలా ఉంటుందో చెబుతా. మీరు వాడేది వేరే అప్లికేషన్ అయినా సూత్రం దాదాపు ఇదే.

తిరుగు టపా కవరు

ఒకప్పుడు పత్రికకి కథ పంపాలంటే సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా జత చేయమనేవాళ్లు. ఇక్కడ జరిగేదీ అదే. అప్లికేషన్ పంపే ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఒక తిరుగు కవరు ఉంటుంది. దాని పేరే 'రిప్లై టు' అడ్రస్.

ఆ అడ్రస్‌లో మెయిల్‌బాక్స్ పేరు, తర్వాత ప్లస్ గుర్తు, ఆ తర్వాత అర్థంపర్థం లేని ఒక పొడుగాటి అక్షరాల వరుస ఉంటాయి. ప్లస్ తర్వాత ఏమున్నా జీమెయిల్ లాంటి సర్వీసులు పట్టించుకోవు, అదే ఇన్‌బాక్స్‌లో వేస్తాయి. కానీ అప్లికేషన్‌కి కావలసింది ఆ వరుసే. ఈ కవరు ఎవరికి పంపాను, ఏ ఇష్యూ గురించి పంపాను అన్నది దాన్ని బట్టే గుర్తుపడుతుంది.

ఇక కవర్లు ఏరుకొచ్చే పోస్ట్‌మ్యాన్ కావాలి. గిట్‌ల్యాబ్‌లో ఆ పని 'మెయిల్‌రూమ్' అనే ప్రోగ్రామ్‌ది. అది ఐమ్యాప్ ద్వారా, సాధారణంగా 993 పోర్టులో, మెయిల్‌బాక్స్‌ని కనిపెట్టుకుని ఉంటుంది. కొత్త మెయిల్ పడగానే తీసి లోపలికి అందిస్తుంది. అక్కడ పాత మెయిల్ తాలూకు కోట్ చేసిన భాగాన్ని కత్తిరించి, పైన మీరు రాసిన ముక్కనే కామెంట్‌గా పెడుతుంది. అందుకే జవాబు ఎప్పుడూ పైనే రాయాలి. పాత మెయిల్ లైన్ల మధ్యలో ఇరికించి రాస్తే అది సరిగ్గా గుర్తుపట్టకపోవచ్చు.

ఎవరి మెయిల్‌బాక్స్ ఇవ్వాలి?

ఎవరిదీ వద్దు. దీనికోసమే కొత్తది తెరవండి. మెయిల్‌రూమ్ తీసుకున్న ప్రతి మెయిల్‌నీ డిలీట్ అయినట్టు మార్కు చేస్తుంది. మీ మేనేజర్ గారు రోజూ చూసుకునే ఇన్‌బాక్స్ దానికి అప్పగిస్తే ఆయన ఉత్తరాలూ దాని సంచిలోకే పోతాయి.

పాస్‌వర్డ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. మామూలు జీమెయిల్ ఖాతాల్లోకి బయటి ప్రోగ్రామ్‌లు ఉత్త పాస్‌వర్డ్‌తో రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. కాబట్టి ముందు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. తర్వాత 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని, సెట్టింగ్స్‌లో అదే ఇవ్వండి. ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్‌దైతే 2022 అక్టోబర్ నుంచి అక్కడా పాత పద్ధతి మూసేస్తూ వచ్చారు. దానికి గ్రాఫ్ అనే వేరే దారి ఉంది, గిట్‌ల్యాబ్‌కి ఆ దారీ తెలుసు.

ఇద్దరూ సెలవులో ఉంటే

సంక్రాంతికి ఇద్దరు సెలవు పెట్టి, ఇద్దరూ 'ఊళ్లో ఉన్నాను, వచ్చాక చూస్తాను' అని ఆటో రిప్లై పెట్టుకున్నారనుకోండి. మొదటివారి ఆటో రిప్లై కామెంట్‌గా పడుతుంది. దాని నోటిఫికేషన్ రెండోవారికి వెళ్తుంది. వారి ఆటో రిప్లై ఇంకో కామెంట్ అవుతుంది. మనుషులు గారెలు తింటుంటే మెషిన్లు రాత్రంతా కబుర్లు చెప్పుకుంటాయి.

దీనికి మందు పాతదే. 2004లో వచ్చిన ఒక ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం, మెషిన్ రాసిన మెయిల్ మీద 'ఆటో సబ్‌మిటెడ్' అనే ముద్ర ఉండాలి. గిట్‌ల్యాబ్ ఆ ముద్ర చూసి అలాంటి మెయిల్‌ని పక్కన పడేస్తుంది. మీరే సొంతంగా అప్లికేషన్ రాస్తుంటే ఈ తనిఖీ మొదటి రోజే పెట్టండి.

ఆఫీసు పేరు అరువివ్వకండి

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇది. 2017లో ఇంటి డి క్యూకెలేర్ అనే బెల్జియం సెక్యూరిటీ పరిశోధకుడు ఒక కిటుకు బయటపెట్టాడు. దానికి 'టికెట్ ట్రిక్' అని పేరు. కొన్ని కంపెనీల స్లాక్‌లో, కంపెనీ డొమైన్ మెయిల్ ఉంటే చాలు, ఎవరైనా చేరిపోవచ్చు. అదే కంపెనీ హెల్ప్‌డెస్కో, ఇష్యూ ట్రాకరో బయటివాళ్లకి కూడా అదే డొమైన్‌తో ఒక అడ్రస్ ఇస్తుంది. ఆ అడ్రస్‌తో స్లాక్‌లో చేరతానంటే, నిర్ధారణ లింకు వచ్చి నేరుగా టికెట్‌లో పడుతుంది. బయటివాడు అది చదివి, నొక్కి, ఆఫీసులోకి వచ్చేస్తాడు. ఎక్కడా తాళం పగలలేదు. మనమే తాళంచెవి పోస్టులో పంపించాం.

అందుకని జవాబుల అడ్రస్‌ని ఉద్యోగుల మెయిల్ డొమైన్ మీద పెట్టకండి. 'ఇన్‌కమింగ్' అని ఒక సబ్‌డొమైన్ తీసుకుని, దానికి విడిగా ఎంఎక్స్ రికార్డు పెట్టండి. గిట్‌ల్యాబ్ గైడ్‌లో కూడా సబ్‌డొమైనే వాడమని ఉంటుంది.

తిరుగు కవరు మీది ఆ పొడుగాటి వరుస కూడా తాళంచెవి లాంటిదే. ఆ వరుసతో వచ్చిన జవాబు మీ పేరు మీదే పడుతుంది. ఆఫీసు నోటిఫికేషన్లన్నీ ఇంకెవరి ఇన్‌బాక్స్‌కో ఆటో ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కామెంట్ పడలేదా?

సెట్టింగ్స్ అన్నీ ఒకేసారి కెలకకండి. ముందు మెయిల్‌బాక్స్ తెరిచి చూడండి.

మెయిల్ అసలు అక్కడికే రాలేదంటే, మీ మెయిల్ సర్వర్‌కి ప్లస్ గుర్తు అర్థం కావట్లేదు, లేదా ఎంఎక్స్ రికార్డు తప్పు.

వచ్చింది కానీ చదవకుండా పడి ఉందంటే, పోస్ట్‌మ్యాన్ రావట్లేదని అర్థం. పాస్‌వర్డ్, పోర్టు, ఐమ్యాప్ చూడండి. గిట్‌ల్యాబ్‌లో ఇన్‌కమింగ్ ఈమెయిల్‌ని తనిఖీ చేసే కమాండ్ ఒకటి ఉంది, అది చాలావరకు చెప్పేస్తుంది.

మెయిల్ తీసుకెళ్లింది, కామెంట్ మాత్రం లేదంటే, తప్పు లోపల ఉంది. వరుస సరిపోలేదో, పై భాగం ఖాళీగా ఉందో అయ్యుంటుంది. ఈ రెండిటికీ గిట్‌ల్యాబ్ పంపినవారికి 'మీ మెయిల్ తీసుకోలేకపోయాం' అని తిరిగి రాస్తుంది. అలా రాయడం నాకు బాగా నచ్చింది. రైల్లో ఉన్న మనిషికి తన మాట చేరలేదని అప్పుడే తెలిస్తే, ఫోన్ చేసైనా చెబుతుంది.

మీ దగ్గర ఇదంతా పెట్టే తీరిక లేకపోతే పర్లేదు. 'ఈ మెయిల్‌కి రిప్లై ఇస్తే మాకు చేరదు, ఈ లింకులో రాయండి' అని నోటిఫికేషన్‌లో పైనే, పెద్ద అక్షరాల్లో పెట్టండి. ముందు ఈ రోజే ఒక పని చేయండి. మీ అప్లికేషన్ పంపిన ఏదో ఒక నోటిఫికేషన్‌కి ఫోన్‌లోంచి, తెలుగులో, ఒక్క లైను రిప్లై కొట్టండి. అక్షరాలు చెదరకుండా కామెంట్‌గా పడితే సంతోషం. పడకపోతే, ఇన్నాళ్లూ అలా ఎన్ని జవాబులు పోయాయో మీ టీమ్‌ని అడిగి చూడండి.