మన ఆటలోని ఊరు ఎట్ల ఉండాలె?

ఈసారి గోడపత్రికలో నేను మన ఆదివారం ఆట గురించి రాస్తున్నాను.

ఆట అందరికీ తెల్సిందే. చార్టు మీద లేని దేశం ఒకటి గీసుకుని, ఒక్కొక్కరం ఒక్కో మనిషి వేషం కట్టి, అరగదీసిన చింతపిక్కలు వేసి ఏమైతదో చూసుకుంటం. ఇప్పటిదాకా మన దేశంలో మూడు కోటలు, ఒక రాక్షసుని గుహ, ఒక బంగారు చెరువు ఉన్నాయి. ఊరు మాత్రం ఒక్కటీ లేదు. ఒక మూలకు ఆకుపచ్చ రంగు పూసి "అడవి మనుషులు" అని రాసి వదిలేశాము. వాళ్ళకు పేర్లు లేవు, ఇండ్లు లేవు. కోటవాళ్ళు ఆ తోవన పోతుంటే బల్లేలు పట్టుకుని అరుస్తరు, అంతే. సినిమాల్లో మనల్ని అట్లనే చూపిస్తరు. మనం గీసిన బొమ్మలో కూడా మనం అట్లనే ఉండాల్నా?

నా అభిప్రాయం ఏమిటంటే, ఆ ఆకుపచ్చలో ఒక చిన్న ఊరు పెట్టాలి. ఇరవై ఇండ్లు చాలు. ఒకే వంశం వాళ్ళ ఊరు. అది ఎట్ల కట్టాలో మనకు తెలుసు.

కోట గీసేటప్పుడు ముందు గోడ గీస్తరు. ఊరు గీసేటప్పుడు ముందు వాగు గీయాలి. ఎండకాలం వాగు ఎండితే చెలిమె ఎక్కడ తవ్వుతరో అది కూడా గుర్తు పెట్టాలి. బిందె ఎంత దూరం మోయాలో తెలిస్తేనే ఆ ఊరి ఆడపిల్లకు వేరే పనికి ఎంత పొద్దు మిగుల్తదో తెలుస్తది.

రెండోది పెండ్లి. గోండులలో నాలుగు సగాలు ఉన్నాయి. ఏడు దేవుళ్ళ వాళ్ళు, ఆరు దేవుళ్ళ వాళ్ళు, ఐదు, నాలుగు. మెస్రం వాళ్ళు ఏడు దేవుళ్ళ సగా. ఒక్క సగా వాళ్ళందరూ అన్నదమ్ముల లెక్క, వాళ్ళలో వాళ్ళు పెండ్లి చేసుకోరాదు. మరి మన ఆటలో ఊరంతా ఒకే వంశం అయితే ఏమైతది? ప్రతి కోడలూ బయటి నుంచి రావాలి, ప్రతి బిడ్డా బయటికి పోవాలి. అంటే ఒక్క ఊరు గీస్తే సరిపోదు. ఇంకో ఊరు, మధ్యలో ఒక తోవ కూడా కావాలి. కోటకు చుట్టూ గోడ ఉంటే నడుస్తది, ఊరికి నడవదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర అవుతది కదా. మెస్రం వంశం వాళ్ళు జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్ళు తెస్తరు. కొత్త కోడండ్లను దేవునికి చూపిస్తరు, దాన్ని భేటింగ్ అంటరు. బయటి నుంచి వచ్చిన పిల్ల అప్పుడే ఆ వంశంలో మనిషి అవుతది. మన ఆటలో ఇట్లాంటి రోజు ఒకటి ఉంటే ఎంత బాగుంటది!

మూడోది, ఊర్లో ఎవరి పని ఏమిటి. పంచాయితీ చెప్పే పట్ల ఒకరు, పూజ చేసే దేవారి ఒకరు. వంశం కథలు కింగ్రి వాయించి పాడేది ప్రధాన్లు. కొన్ని పూజలకు గోండులు కోలాం పూజారిని పిలుస్తరు. ఏ ఒక్క మనిషి దగ్గరా అంతా ఉండదు. కోటలో రాజు ఒక్కడు చెప్తే అయిపోతది. ఊర్లో నలుగురు కూసోవాలి. ఆట ఆడేవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం కాబట్టి మనకు ఇదే మంచిగ సరిపోతది. ఇప్పుడు రాణి అయిన అక్క ఒక్కతే మాట్లాడుతది, మిగతావాళ్ళం చూస్తుంటం.

నాలుగోది శత్రువు. రాక్షసుడు ఉండనీ, వద్దనను. కానీ ఊరికి వచ్చే కష్టాలు వేరే. పాత జొన్నలు అయిపోయి కొత్త పంట రాని వానకాలం ఒక కష్టం. వడ్డీ లెక్క తనే రాసుకునే సావుకారి ఒక కష్టం. "ఈ భూమి మీది కాదు" అని వచ్చే కాగితం అన్నిటికంటే పెద్ద కష్టం. కుమ్రం భీం వెంట పన్నెండు ఊర్ల వాళ్ళు నిలబడింది భూమి కోసమే. 1940లో ఆయన జోడేఘాట్‌లో తుపాకి గుండ్లకు చనిపోయాడు. ఆ తర్వాత 1940లలోనే హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉన్నప్పుడు అక్కడ గోండుల చదువు మొదలైంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకే అడుగుతున్నాను, ఆటలో ఊరికి ఒక కాగితం వచ్చి, చదివే మనిషి ఒక్కరూ లేకపోతే ఏం చేస్తరు? చింతపిక్కలు వేయండి చూద్దాం.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. మన పేన్‌లను, అవ్వల్‌ను ఆటలోకి తేవద్దు. వాళ్ళ పేరు మీద పిక్కలు వేయడం తగదు. ఊరి పద్ధతి తీసుకుందాం, దేవుని పేరు మనమే కొత్తది పెట్టుకుందాం. వంశం పేరు కూడా కొత్తదే పెట్టాలి. లేకపోతే ఒకరి వంశం ఓడిందని ఇంకొకరు నవ్వుతరు, ఆట కొట్లాట అయితది.

కొందరు అక్కలు "ఊరు వదిలి చదువుకోను వచ్చినం, ఆటలో కూడా మళ్ళ ఊరేనా? రాణి అయితేనే మజా" అంటున్నరు. వాళ్ళ మాట నాకు అర్థమయితది. బిందె మోసినవాళ్ళకు రాణి కావాలని ఉంటది. అయినా ఒకటి అడుగుతాను. ఐదో తరగతి చెల్లెండ్లు మన పక్కన కూసోని చార్టు చూస్తున్నరు. కోటలో ఉండేవాళ్ళకే పేర్లు ఉంటాయని, అడవిలో ఉండేవాళ్ళకు ఉండవని వాళ్ళు నేర్చుకుంటే, రేపు వాళ్ళు తమ ఊరి పేరు చెప్పడానికి సిగ్గుపడరా? రాణి ఉండనీ. కానీ ఆమె తాగే నీళ్ళు ఏ వాగు నుంచి వస్తున్నయో ఆమెకు తెలియాలి.

వార్డెన్ మేడంలకు నా మనవి: ఒక పెద్ద చార్టు, ఆదివారం రెండు గంటలు ఇప్పించండి. దీపావళి సెలవులకు పోయినప్పుడు, దండారి ఆడే రోజుల్లో, ప్రతి ఒక్కరం ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగి రావాలి: "మన ఊరు ఇక్కడనే ఎందుకు పెట్టిండ్రు?" గోండు, కోలాం, నాయక్‌పోడ్, తోటి, లంబాడా పిల్లలందరం ఉన్నాం. జవాబులు ఒక్క తీరుగ ఉండవు. అన్నీ చార్టు మీదికి ఎక్కాలి.

వాగు గీసే పని నేను తీసుకుంటాను. రెండో ఊరు ఎవరు గీస్తరో వచ్చే శనివారం లోపల నాకు చెప్పండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని