నిర్ణయం కుదరకముందే సలహా

డిగ్రీ చదువుతున్న బిడ్డను ‘తరువాత ఏం చేస్తావు?’ అని అడిగితే మౌనమే సమాధానమవుతున్న ఇళ్ళు నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ మౌనాన్ని పెద్దలు సోమరితనమనుకుంటారు, పిల్లలు సిగ్గుచేటుగా భావిస్తారు. చివరకు బంధువులు పంపిన గల్ఫ్ వీసాయో, బజారులో దొరికిన ఏదో ఒక పనియో ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. అమ్మాయి విషయంలో పెళ్ళి సంబంధం చెబుతుంది. గల్ఫ్ సంపాదన ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని ఒక నైపుణ్యంతో కోరి వెళ్ళడం వేరు, మరో దారి తెలియక వెళ్ళడం వేరు.

ఏం చేయాలో తేలకపోవడం నేరం కాదు. వెనుకటి తరానికి ఈ సందేహం అంతగా రాకపోవడానికి కారణం ఉన్నది. 1937లో నిజాం పాలనలో ఏర్పడి, ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన బోధన్ చక్కెర కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. తండ్రి ఫ్యాక్టరీలో ఉంటే కొడుకు చూపూ అటే ఉండేది. చుట్టుపక్కల రైతుకు చెరకు ఉండేది. 2002లో ఆ సంస్థ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. దానితో తండ్రి దారే బిడ్డకు దారి అన్న భరోసా కూడా పోయింది. అదే జిల్లాకు 2023లో ఐటీ హబ్ వచ్చింది, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం వచ్చింది. ఇలాంటి చోట్ల ఏయే పనులుంటాయో, వాటికి ఏ చదువు కావాలో బీడీలు చుట్టే తల్లికి గాని, ఆటో నడిపే తండ్రికి గాని తెలిసే అవకాశం తక్కువ.

ఈ లోటును పూరించడానికే కళాశాలలో ఒక గది ఉంటుంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో దాన్ని టీఎస్‌కేసీ అంటారు. మరికొన్ని చోట్ల ప్లేస్‌మెంట్ సెల్ అనో, కెరీర్ గైడెన్స్ సెల్ అనో పేరు. కంపెనీలు వచ్చిన రోజున, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారికే ఆ గది అన్న అపోహ బలంగా ఉన్నది. అయితే ఇలాంటి సేవ పుట్టుకే వేరు. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ దారి తోచని యువకుల కోసం ఒక సలహా కేంద్రం నెలకొల్పారు. ఆయన చెప్పిన క్రమం సులభమైనది: ముందు తనను తాను తెలుసుకోవాలి, తరువాత పనులను గురించి తెలుసుకోవాలి, ఆపైన రెండింటినీ సరిపోల్చుకోవాలి.

కావున చివరి సంవత్సరం వరకు ఆగకుండా మొదటి, రెండవ సంవత్సరాల్లోనే ఆ గదికి వెళ్ళాలి. ‘ఉద్యోగం ఇప్పించండి’ అని కాక, ‘నాకింకా తేలలేదు’ అనే చెప్పాలి. మా గ్రూపు చదివినవారు గత మూడేళ్ళలో ఎక్కడెక్కడ చేరారు? ఆ పనిలో ఉదయం నుండి సాయంత్రం వరకు ఏం చేస్తారు? దానికి ఏ పరీక్ష, ఏ శిక్షణ కావాలి? వారిలో ఒకరితో మాట్లాడించగలరా? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. సెలవుల్లో ఇంటర్న్‌షిప్, డిగ్రీ తరువాత స్టైపెండుతో కూడిన అప్రెంటిస్ శిక్షణ గురించి కూడా అడగాలి. పని చేసి చూస్తేనే ఇష్టాయిష్టాలు తెలుస్తాయి. అది నచ్చలేదని తెలియడమూ లాభమే.

కొన్ని కళాశాలల్లో ఆ గదికి తాళమే కనిపించవచ్చు. బోధించే అధ్యాపకుడికే అది అదనపు బాధ్యత కావచ్చు. అప్పుడు నలుగురు విద్యార్థులు కలిసి ప్రిన్సిపాల్‌ను అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. అమ్మాయి వెంట తల్లి వెళ్ళి హాస్టలు, ప్రయాణం, పనివేళల సంగతి అడిగితే సగం భయాలు అక్కడే తీరుతాయి.

ఏ సంపాదన హలాల్ అన్నది ఆ గది చెప్పదు. దాన్ని ఆలిమ్‌ల వద్ద, ఇంట్లో తేల్చుకుని వెళ్ళాలి. ఇస్తిఖారా చేశాము, కల రాలేదని కూర్చునేవారూ ఉన్నారు. ఇస్తిఖారా అల్లాహ్‌ను మేలు కోరే దుఆ, అది విచారణకు సెలవు కాదు. దివ్య ఖుర్ఆన్ 42వ సూరాకు ‘షూరా’ అని, అంటే సంప్రదింపు అని పేరున్న సంగతి మనకు తెలిసిందే. తెలిసినవారిని అడగడం కూడా ఆ బాటలోనిదే.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ‘ఏమవుతావు?’ అని రోజూ నిలదీయకండి. ‘ఈ నెల ఎవరిని కలిశావు, ఏం తెలుసుకున్నావు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు మీ బిడ్డ జవాబు చెప్పగలడు.