వాయిదా పడుతున్న శాంతి

ఇజ్రాయెల్-పాలస్తీనా సమస్యకి రాజకీయ పరిష్కారం సాధ్యమేనా అన్న ప్రశ్నని ఎక్కువగా సైనిక నిపుణులూ దౌత్యవేత్తలే చర్చిస్తుంటారు. అందులో స్త్రీలు కనిపించేది బిడ్డల శవాల పక్కన ఏడుస్తున్న తల్లులుగానే. కాని అక్కడి స్త్రీలకి రాజకీయ కార్యకర్తలుగా సుదీర్ఘ చరిత్ర ఉంది. దాన్ని పక్కన పెట్టి ఏ పరిష్కారాన్నీ అంచనా వెయ్యలేమని నా అభిప్రాయం.

1987 డిసెంబర్‌లో మొదటి ఇంతిఫాదా మొదలైంది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్‌బ్యాంక్‌లో బడులు మూసేస్తే, బస్తీ కమిటీలు ఇళ్లలోనే పిల్లలకి పాఠాలు చెప్పాయి. ఆ పనిలో మహిళా సంఘాలు ముందున్నాయి. 1988 ఆగస్టులో సైన్యం ఆ కమిటీలనే నిషేధించింది. అదే ఏడాది జెరూసలేంలో ఇజ్రాయెలీ స్త్రీలు ఆక్రమణని వ్యతిరేకిస్తూ, నల్ల బట్టలతో ప్రతి శుక్రవారం కూడలిలో నిలబడటం మొదలుపెట్టారు. 1991 మాడ్రిడ్ సమావేశంలో పాలస్తీనా బృందం వాణిని ప్రపంచానికి వినిపించింది హనన్ అష్రావి.

తర్వాత ఏం జరిగింది? ఆ బృందం వాషింగ్టన్‌లో బహిరంగంగా చర్చలు జరుపుతుండగా, నార్వేలో రహస్యంగా వేరే చర్చలు నడిచాయి. 1993 సెప్టెంబర్ 13న ఓస్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. జెరూసలేం, శరణార్థులు, సెటిల్‌మెంట్లు, సరిహద్దులు అన్నీ తర్వాత చూద్దామన్నారు. సెటిల్‌మెంట్లు ముందు ఆపాలని పట్టుబట్టిన బృంద నాయకుడు హైదర్ అబ్దుల్ షఫీ సంతకాల సభకే వెళ్లలేదు. అయిదేళ్ల మధ్యంతర కాలం 1999లో ముగిసినా పరిష్కారం రాలేదు. తూర్పు జెరూసలేంని మినహాయిస్తే, 1993లో వెస్ట్‌బ్యాంక్‌లో సుమారు 1.1 లక్షలున్న సెటిలర్లు ఇప్పుడు 5 లక్షలు దాటారు.

వాయిదా వేసినవి మ్యాపు మీది గీతలు మాత్రమే కాదు. భూమి, నీళ్లు, ఇల్లు, ఆస్పత్రికి దారి. రెండో ఇంతిఫాదా కాలంలో చెక్‌పోస్టుల దగ్గరే ప్రసవించిన పాలస్తీనా స్త్రీల గురించి ఐక్యరాజ్యసమితి నివేదికలే ఉన్నాయి.

అయితే చర్చల్లో ఒక స్త్రీని కూర్చోబెడితే చాలా? చాలదు. 2007-08లోనూ, 2013-14లోనూ ఇజ్రాయెల్ తరఫున ముఖ్య సంప్రదింపులు జరిపింది త్సిపీ లివ్నీ. అయినా సెటిల్‌మెంట్ల నిర్మాణం ఆగలేదు. ఎవరు కూర్చున్నారన్నదానితో పాటు, ఎవరి జీవితాలు చర్చకొచ్చాయన్నదీ ముఖ్యమే.

2023 అక్టోబర్ 4న ఇజ్రాయెలీ, పాలస్తీనా స్త్రీలు కలిసి శాంతి ప్రదర్శన చేశారు. మూడు రోజులకే హమాస్ దాడిలో సుమారు 1,200 మంది హతులయ్యారు. 'విమెన్ వేజ్ పీస్' వ్యవస్థాపకుల్లో ఒకరైన వివియన్ సిల్వర్ వారిలో ఉన్నారు. ఆ దాడిని ఏ విమోచన పేరుతోనూ సమర్థించలేం. తర్వాత సాగిన ఇజ్రాయెల్ యుద్ధంలో, గాజా ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారం 2025 అక్టోబర్ నాటికి 67,000 మందికి పైగా చనిపోయారు. దీన్ని ఆత్మరక్షణ అని ఒప్పుకోవడమూ సాధ్యం కాదు.

2025 నవంబర్‌లో భద్రతామండలి ఆమోదించిన 2803వ తీర్మానం పాలస్తీనా రాజ్యం గురించి ప్రస్తావించింది. కాని పాలస్తీనా అథారిటీలో సంస్కరణలు జరిగి, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగాక, అందుకు దారి ఏర్పడవచ్చు అన్నంత వరకే. నాకిందులో ఓస్లో ధోరణే కనిపిస్తోంది. భద్రత ముందు, హక్కులు తర్వాత.

పరిష్కారం అసాధ్యమని నేననను. ఆక్రమణ చట్టవిరుద్ధమని 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. శాంతి చర్చల్లో స్త్రీల భాగస్వామ్యాన్ని కోరే 1325వ తీర్మానం 2000 నుంచీ ఉంది. సెటిల్‌మెంట్లు మొదటే ఆపాలనీ, శరణార్థుల సమస్యని మొదటి రోజే చర్చకి తేవాలనీ, అక్కడి మహిళా సంఘాలకి చర్చల్లో చోటుండాలనీ అడగటం గొంతెమ్మ కోరికేమీ కాదు. 1988లోనే పాలస్తీనాని గుర్తించిన మన ప్రభుత్వం ఈ మాటలు గట్టిగా చెప్పేలా ఒత్తిడి తేవడం మన మహిళా సంఘాలు చెయ్యగలిగిన పని.