గ్రాఫిక్స్ కార్డు మార్చకండి, ముందు తాళం ఎవరి చేతిలో ఉందో చూడండి

తెనాలి, బాపట్ల, రేపల్లె - ఈ మూడూళ్ళలో ఏ కంప్యూటరు షాపుకైనా వెళ్ళి "పాత పీసీలో ట్యూనరు కార్డు పెట్టి టీవీ రికార్డరు చేసుకున్నానండీ, బొమ్మ కుదుపుగా వస్తోంది" అని చెప్పి చూడండి. దాదాపు అన్నిచోట్లా ఒకటే జవాబు: "గ్రాఫిక్స్ కార్డు మార్చండి సార్, యాక్సిలరేషన్ లేదు." ఈ సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జ్వరం ఎంతుందో చూడకుండా సూది పొడిచే వైద్యం ఇది.

అసలు లెక్క చూద్దాం. మామూలు ఎస్‌డీ చానెలు బొమ్మ 720 బై 576. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, అంటే 50 ఫీల్డులు. డీడీ ఫ్రీడిష్‌లో కొన్ని చానెళ్ళు ఇప్పటికీ పాత ఎంపెగ్-2లోనే వస్తాయి. దాన్ని విప్పడానికి పదిహేనేళ్ళ నాటి ప్రాసెసరు కూడా చెమటోడ్చక్కర్లేదు. అక్కడ యాక్సిలరేషన్ ఉన్నా లేకపోయినా ఒకటే!

మరి కుదుపు ఎక్కణ్ణించి? నేను చూసినంతవరకూ మూడు చోట్ల నుంచి.

1. మన ప్రసారం 50, కంప్యూటరు టీవీకి పంపేది 60. ప్రతి ఐదు బొమ్మలకీ ఒకటి రెండుసార్లు చూపించాలి. వార్తల కింద పరిగెత్తే అక్షరాలు చూడండి, తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ పెడితే సరి. ఖర్చు సున్నా.

2. ఫీల్డుల్ని సరిగ్గా కలపకపోతే కదిలే మనిషి అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు. డీఇంటర్లేసింగ్ ఆన్ చెయ్యాలి. దీనికీ ఖర్చు సున్నా.

3. వాన. కేయూ బ్యాండు సిగ్నల్ని వాన తినేస్తుంది. తుపాన్ల తీరంలో ఉన్నవాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. చిరిగిన డేటా వస్తే సాఫ్టువేరు డీకోడరు ఎలాగోలా దాటేస్తుంది, హార్డువేరు డీకోడరు చాలాసార్లు అక్కడే బిగుసుకుపోతుంది. అంటే యాక్సిలరేషన్ తీసేస్తేనే బాగుపడే రోగం!

నిజంగా యాక్సిలరేషన్ కావాల్సింది హెచ్‌డీకి, హెచ్ఈవీసీకి. లినక్సులో వీఏఇన్ఫో అని కొడితే మీ చిప్పు ఏమేం విప్పగలదో జాబితా వస్తుంది. అసలు కథ ఇక్కడే మొదలు. చిప్పుకి చేతనైనా జాబితాలో కనపడకపోవచ్చు.

ఎందుకని? 2012లో రాస్ప్‌బెర్రీ పైలో ఎంపెగ్-2 విప్పే శక్తి చిప్పులోనే ఉంది, కానీ వాడుకోవాలంటే లైసెన్సు తాళంచెవి విడిగా కొనుక్కోవాల్సొచ్చింది. 2022లో పేటెంట్ల భయంతో ఫెడోరా వాళ్ళు హెచ్.264 యాక్సిలరేషన్ని తమ మీసా ప్యాకేజీల్లోంచి తీసేశారు. 2025లో డెల్, హెచ్‌పీ కొన్ని లాప్‌టాపుల్లో ప్రాసెసరుకి చేతనైన హెచ్ఈవీసీని ఆపేసి అమ్ముతున్నాయని బయటపడింది. ఇల్లు మీరు కొన్నారు, ఒక గదికి మాత్రం తాళం వేసి ఇచ్చారు. షాపాయన ఏమో "ఇంకో ఇల్లు కొనండి" అంటాడు.

కేబులు సంగతి ఇంకా ఘోరం. 2011 చట్ట సవరణతో మొదలైన డిజిటైజేషన్ చివరి గడువు 2017 మార్చి 31. దాంతో సిగ్నలు మొత్తం తాళంలోకి వెళ్ళింది. సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు. సాధారణంగా ఆ రికార్డింగు ఆ బాక్సులోనే ఆడుతుంది. బాక్సు పోతే అదీ పోయినట్టే. ఏ బాక్సైనా ఏ ఆపరేటరుకైనా పనిచెయ్యాలని ట్రాయ్ 2020 ఏప్రిల్లో సిఫారసు చేసింది. మీ ఇంట్లో బాక్సుని పక్క ఆపరేటరుకి పెట్టి చూడండి, ఆ సిఫారసు ఎక్కడుందో తెలుస్తుంది.

"ఇదంతా పైరసీకేగా?" అనేవాళ్ళకి ఒక మాట. కాపీరైటు చట్టం 52వ సెక్షను సొంత వాడకానికి న్యాయమైన మినహాయింపు ఇచ్చింది. సీడీలు కొట్టి బజార్లో అమ్మడం వేరు, అమ్మమ్మకి నచ్చిన పద్యనాటకం మళ్ళీ చూపించడానికి దాచుకోవడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియనట్టు నటించేవాళ్ళతో నాకు పేచీ.

స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్లలో. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకం అంటే ప్రాణం పెట్టే ఊళ్ళెన్నో. ఆ తరం నటుల్ని వేదిక మీద చూడని మనకి మిగిలినవి ఫొటోలు, కొద్దిపాటి గొంతులు. ఇంటింటా కెమెరాలు లేని రోజులు కాబట్టి సరిపెట్టుకుంటాం. ఈనాటి నటులు సప్తగిరిలో కనిపించి మాయమైతే ఏ వంక చెప్తాం? పాత దూరదర్శన్ కార్యక్రమాల్లో కొన్నైనా మనకి దక్కాయంటే ఎవరో ఇంట్లో వీసీఆర్‌తో పట్టి దాచుకోబట్టే.

కాబట్టి చెయ్యాల్సింది ఇదీ. కార్డు కొనేముందు 50 హెర్ట్జ్ పెట్టండి, డీఇంటర్లేసింగ్ చూడండి, సిగ్నలు నాణ్యత చూడండి, ఆ తర్వాత వీఏఇన్ఫో అడగండి. అప్పటికీ కుదరకపోతే, మీరు డబ్బిచ్చి కొన్న చిప్పుకి తాళం ఎందుకు వేశారని అమ్మినవాణ్ణి అడగండి. జేబులో చెయ్యి పెట్టడం అన్నిటికన్నా ఆఖర్న.