మెరకా, పల్లమా?

మా పెద్ద తోడల్లుడు గారు కిందటి నెల మూడు కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. రాజోలు అవతల ఊరు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. కొడుకు హైదరాబాదు, కూతురు బెంగుళూరు. మా వదినగారికి మోకాళ్ల నొప్పులు. ఎకరం కొబ్బరితోటలో పాత పెంకుటిల్లు, దాని పక్కన స్లాబు వేసిన రెండు గదులు. "ఇంక ఆ ఊళ్లో మావల్ల కాదు తమ్ముడూ. అమలాపురం వచ్చేద్దామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పు" అని కాగితాలు బల్ల మీద పరిచారు.

ఒకటి గడియార స్తంభం సెంటరుకి నడిచి వెళ్లేంత దూరంలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండోది టౌనుకి నాలుగు కిలోమీటర్ల అవతల కొత్త లేఅవుట్లో రెండు వందల గజాల స్థలం. ఆ రంగుల కాగితం మీద కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు, ఏవో సన్నటి పైదేశపు చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. మూడోది సొంత ఇంటి మరమ్మతుకి మేస్త్రీ రాసిచ్చిన లెక్క. అది నలిగిపోయి అన్నిటికీ అడుగున ఉంది.

టౌనులో ఉండాలా, టౌను పక్కన ఉండాలా అని హైదరాబాదులో అడిగితే ఆ ప్రశ్నకి ఓ అర్థం ఉంది. కోనసీమలో టౌను ఎక్కడ అయిపోతుందో ఎవరు చెప్పగలరు? అంబాజీపేట వైపు బండి మీద వెళ్తుంటే ఇళ్లూ ఆగవు, తోటలూ ఆగవు. బండారులంకలో మగ్గం చప్పుడు వినపడితే ఊరు మారిందనుకోవాలి. 2011 లెక్కల్లో అమలాపురం జనాభా 53 వేల పైచిలుకు. పగలు పదకొండు గంటలకి బజారులో నిలబడి చూస్తే అంతకి ఎన్ని రెట్లో అనిపిస్తుంది. సాయంత్రానికి వాళ్లంతా కొబ్బరాకుల కిందకి సర్దుకుంటారు.

టౌనుకి చేరాలన్న కోరిక మా తరానికి ఊరికే పుట్టలేదు. ఎటు కదలాలన్నా నీళ్లే అడ్డం. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన తెరిచేదాకా ఆ దారిన కాకినాడ వెళ్లాలంటే పంటు కోసం రేవులో పడిగాపులు పడాలి. రాత్రివేళ నొప్పులొచ్చిన మనిషిని ఏరు దాటించిన కథ ఏ ఇంట్లో అడిగినా ఒకటి చెబుతారు. అందుకే పిల్లవాడు పదో తరగతి దాటగానే అమలాపురంలో గది తీసుకునేవారు. తల్లి టౌనులో, తండ్రి ఊళ్లో, ఒక సంసారానికి రెండు పొయ్యిలు. మా ఇంట్లోనూ నాలుగేళ్లు అలాగే వెలిగాయి.

ఆ యానాం వంతెనకి లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టుకున్నాం. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద, చించినాడ దగ్గర వశిష్ఠ మీద వంతెనలున్నాయి. సఖినేటిపల్లిలోనూ ముక్తేశ్వరంలోనూ ఇంకా పంటే గతి అనుకోండి. అయినా రాజోలు నుంచి అమలాపురం ఇప్పుడు గంటలోపు దారి. విచిత్రమేమిటంటే టౌను దూరంగా ఉన్నప్పుడు ఊళ్లోనే కాలక్షేపం చేసినవాళ్లు, టౌను గుమ్మంలోకి వచ్చాక ఇల్లు అమ్ముకుని టౌనులోకి పోతామంటున్నారు.

వాళ్ల కారణాలు తీసిపారేసేవి కావు. అర్ధరాత్రి గుండె పట్టేసినట్టుంటే పది నిమిషాల్లో డాక్టరు ముఖం కనపడాలి. ఒంటరిగా మిగిలిన పెద్దావిడకి పక్క తలుపు కొడితే పలికే మనిషి కావాలి. రాజోలు, మలికిపురం వైపు కువైట్, మస్కట్ డబ్బుతో కట్టిన మేడల్లో సగం గదులకి తాళాలే. పెళ్లికో పండక్కో తీస్తారు, మళ్లీ వేస్తారు. చుట్టూ అలాంటి నాలుగిళ్లుంటే మధ్యలో ఉన్న ముసలి దంపతులకి రాత్రి ఎంత పొడుగో వాళ్లకే తెలుసు. మా వదినగారు అన్నది కూడా అదే: "తోటలో కొబ్బరికాయ పడినా ఉలిక్కిపడుతున్నానయ్యా."

పల్లెలో ఉండమని సలహా చెప్పే నాలాంటివాళ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. ఊరంటే అందరికీ ఒకటే ఊరు కాదు. కొందరికి ఊరు, కొందరికి ఊరి చివర పేట. ఈ జిల్లాకి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ అంబేడ్కరు 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, పల్లెను ఆకాశానికెత్తేవాళ్లతో గట్టిగా విభేదించారు. అక్కడి ఇరుకుతనాన్నీ అజ్ఞానాన్నీ మతతత్వాన్నీ మొహమాటం లేకుండా ఎత్తిచూపారు. పేట నుంచి చదువుకుని వచ్చిన కుర్రాడికి టౌనులో అద్దె ఇల్లంటే సౌకర్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. తాత పేరు, వీధి పేరు చెప్పకుండా తలుపు వేసుకోగల చోటు అది. టౌనులోనూ ఇల్లుగలాయన "మీరేవిట్లండీ?" అని అడగడం మానలేదు. కానీ ఒక ఇంట్లో కాదంటే పక్క వీధిలో ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. పుట్టిన ఊళ్లో ఆ వీలుండదు. కాబట్టి కొబ్బరితోటల గాలి గురించి మాట్లాడేటప్పుడు ఆ గాలి ఎవరి వాటాకి వస్తోందో కూడా చూసుకోవాలి.

ఇక రెండో కాగితం. నా పేచీ అంతా దీంతోనే.

మన పెద్దవాళ్లు ఇంటి స్థలానికి వాస్తు కన్నా ముందు ఒక మాట అడిగేవారు: మెరకా, పల్లమా? మెరక మీద ఇల్లు, కొబ్బరి, అరటి. పల్లంలో వరి. ఊళ్ల పేర్లలోనే ఆ లెక్క రాసి ఉంది. కామనగరువు, చిందాడగరువు, గరువంటే మెరక నేల. లంకంటే ఏటి మధ్య తేలిన దిబ్బ, వరదకి సిద్ధపడి బతకాల్సిన చోటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలూ ఈ లెక్క ప్రకారమే నడిచాయి. మెరక వెంబడి కాలువ నీళ్లు తెస్తుంది, పల్లం వెంబడి డ్రెయిను ఆ నీళ్లని సముద్రానికి తీసుకుపోతుంది. వచ్చే దారి ఎంత ముఖ్యమో పోయే దారీ అంతే. సప్తగోదావరుల్లో ఒకటిగా చెప్పుకునే కౌశిక పేరు అమలాపురంలో ఇప్పుడు డ్రెయిన్ అనే మాట పక్కనే వినపడుతుంది. దాన్నిబట్టే, నీళ్లు పోయే దారికి మనం ఎంత విలువిచ్చామో తెలుస్తుంది.

ఈ లెక్క చెడింది లేఅవుట్ల వల్లనే అనను. డ్రెయిన్లు పూడిపోయి, చేలు మునిగి, పండిన గింజకి గిట్టుబాటు రాక 2011లో కోనసీమ రైతులు ఊడ్పులు మానేసి పంట విరామం ప్రకటించారు. నీళ్లు లేక బీడుపడిన నేలలు దేశం చాలా చూసింది. నీళ్లు పోక బీడుపెట్టిన డెల్టాని చూసి తెల్లబోయింది. వరి గిట్టని పల్లపు చేను తర్వాత ఏమవుతుంది? రొయ్యల చెరువన్నా అవుతుంది, ఇళ్ల స్థలాలన్నా అవుతుంది. అమ్ముకున్న రైతుని తప్పుపట్టలేను.

ఆ చేలో లారీల మీద బొండు ఇసుక తోలి, నాలుగడుగులు లేపి, రాళ్లు పాతుతారు. కాగితం మీద అది మెరకైపోతుంది. మరి ఇన్నాళ్లూ ఆ చేలో నిలిచిన వాన నీళ్లు ఎటు పోవాలి? పక్క చేలోకి, అక్కణ్ణించి పక్క పేటలోకి. పేటవాళ్లు అప్పో సప్పో చేసి వాకిట్లో మట్టి తోలించుకుంటారు. సిమెంటు రోడ్డు మీద ఇంకో పొర పడుతుంది. మెట్లెక్కి లోపలికెళ్లే పాత ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్లాలి. కోనసీమలో జరుగుతున్నది ఎత్తుల పందెం. నా మెరక నీకు పల్లం, నీ మెరక ఇంకొకడికి పల్లం. ఈ పందెంలో చివరికి మునిగేది లారీ మట్టి కొనలేని వాడి ఇల్లు.

హైదరాబాదులో ఇదే పని చెరువు శిఖం భూముల్లో చేశారు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చాయి. మద్రాసులో 2015 డిసెంబరులో వేళచ్చేరి, ముడిచ్చూరు వాసులు మేడల మీదకెక్కి పడవల కోసం చూశారు. వాళ్లంతా ఊరికి కాస్త దూరమైనా సొంత ఇల్లని సంబరపడి కొనుక్కున్నవాళ్లే. అవి మహానగరాలు, ఏదో తెలియక జరిగిందనుకుందాం. ఏటా గోదావరిని అడుగుల్లో కొలుచుకునే మనకి ఆ సాకు లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోదని లంకల్లో పశువులు కాసే పిల్లవాడూ చెబుతాడు. 2022 జులైలో మూడోది కూడా దాటింది. నీటి మట్టాలు ఇంత బాగా తెలిసినవాళ్లం స్థలం కొనేటప్పుడు మాత్రం గేటు ఆర్చి ఎత్తు చూస్తున్నాం.

"ఆ లేఅవుట్ పక్కనే రైల్వే స్టేషను వస్తుందంట తమ్ముడూ" అన్నారాయన. కోటిపల్లి–నరసాపురం లైను 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు ఇంకా రాలేదు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, 1940లో యుద్ధం కోసం పట్టాలు పీకి, 2004లో మళ్లీ వేశారు. రైలు కోసం ఎదురుచూడటం మనకి పాత అలవాటే. ఆ ఎదురుచూపుకి గజానికింతని ధర కట్టడమే కొత్త.

నా సలహా ఇదీ. మెరక మీద సొంత ఇల్లుండి, ఊళ్లో పలకరించే నలుగురుండి, డాక్టరు అరగంట దూరంలో ఉంటే కదలొద్దు. ఫ్లాటుకి పెట్టే డబ్బులో పదోవంతు ఆ నలిగిన మూడో కాగితానికి పెట్టండి. పడకగదికి ఆనుకుని స్నానాలగది, గోడకి పట్టుకునే కడ్డీ, ఇన్వర్టరు, రాత్రి పిలిస్తే వచ్చే ఆటో అబ్బాయి ఫోను నంబరు. వానాకాలం రెండు నెలలు భయమేస్తే టౌనులో అద్దెకుండండి. అద్దెకుండటం అప్రతిష్ట కాదు. ఊరు మిమ్మల్ని మనిషిగా చూడకపోయినా, రాత్రి పిలిస్తే పలికేవాళ్లు లేకపోయినా, ఇంట్లో రోగం రోజూ డాక్టర్ని అడుగుతున్నా టౌనులోకే రండి. పాత టౌనులో, మెరక వీధిలో, రెండు గదులైనా చాలు. మూడో అంతస్తు తీసుకునే ముందు లిఫ్టు ఆగిపోయిన రోజున వదినగారి మోకాళ్ల సంగతి ఆలోచించండి.

పూడ్చిన చేలో స్థలం ఆఖరిది. అందులో టౌను డాక్టరూ లేడు, పల్లె పొరుగూ లేదు. అక్కడ సగం స్థలాలు ఎవరో దూరాన ఉన్నవాళ్లు ధర పెరుగుతుందని కొని ఉంచినవి. ముళ్లకంపల మధ్య ఒంటరి ఇల్లవుతుంది. తోటలో కొబ్బరికాయ చప్పుడుకి ఉలిక్కిపడే మనిషికి అక్కడ నిద్రెలా పడుతుంది?

ఇది ఇంటింటి లెక్కగానే వదిలేస్తే తేలదు. జిల్లా కేంద్రం వచ్చాక అమలాపురం నాలుగు వైపులా పెరుగుతోంది, పెరగాలి కూడా. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేవాళ్లు రోడ్డు వెడల్పు అడిగినట్టే నీళ్లు ఏ డ్రెయినులో కలుస్తాయో, ఆ డ్రెయిను మొగ వరకూ పారుతోందో లేదో అడగాలి. శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు మొండేలుగా మిగిలాయి. అక్కడ సముద్రపు పోటుకి తెరుచుకునే దారి ఇక్కడ వాన నీటికి మూసుకుపోతోంది. గ్యాసు పైపులైను సంగతీ అడగాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఈ నేలలో ఇల్లు కట్టేవాడు కింద ఏముందో తెలుసుకోవడం చాదస్తం కాదు.

ఇదంతా చెప్పి, చివర్లో ఆయనతో ఒక్క మాటన్నాను: "అన్నయ్యగారూ, స్థలం చూడ్డానికి ఎండలో వెళ్లారు. వాన రోజున ఒకసారి వెళ్లి చూడండి." ఆయనకి కాస్త కోపమొచ్చినట్టే ఉంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కాఫీ తాగకుండా బస్సెక్కారు.

మొన్నటి ముసురులో ఫోను చేశారు. "వెళ్లాను తమ్ముడూ. స్థలం బాగానే ఉంది, నీళ్లేం లేవు."

నా జోస్యం తప్పిందని సంతోషించబోయాను.

"మన స్థలం ఎత్తులోనే ఉంది" అన్నారు మళ్లీ. "దాని వెనక పేట ఉంది చూడు, అక్కడ ఒకావిడ వాకిట్లో నీళ్లు చెంబుతో తోడిపోస్తోంది. నన్ను చూసి, స్థలం మీరు కొన్నారాండీ అనడిగింది. ఏం చెప్పాలో తోచక, లేదమ్మా, ఊరికే చూడ్డానికొచ్చానన్నాను."

కాసేపాగి, మేస్త్రీ నంబరు నా దగ్గరేమైనా ఉందా అని అడిగారు.