బీరువాలో నోటుకు కాలదోషం

జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పక్కపక్కన పనిచేసేవారు ఆడపిల్ల పెళ్లికో, ఇంటి మరమ్మతుకో ఒకరికొకరు చేబదులివ్వడం మామూలే. చిక్కు రిటైర్మెంటుతో మొదలవుతుంది. బాకీదారు సామాను సర్దుకుని సొంతూరు చేరతాడు. ‘వచ్చే సంక్రాంతికి ఇచ్చేస్తా’ అన్న ఫోన్లతో ఏళ్లు గడిచిపోతాయి.

కదమాలో ఉండే ఒక కార్మికుడు తోటి ఉద్యోగికి రూ. 2 లక్షలు అప్పిచ్చి, అడిగినప్పుడు చెల్లించేలా 2022 జూన్ 10న ప్రామిసరీ నోటు రాయించుకున్నాడనుకుందాం. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం దావాకు గడువు మూడేళ్లు. అదీ డబ్బు అడిగిన రోజు నుంచి కాదు, నోటు తేదీ నుంచే. అంటే 2025 జూన్ 10తో సరి. ఆ రోజు కోర్టుకు సెలవైతే తిరిగి తెరిచిన రోజున వేయొచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. లాయరు నోటీసు పంపితే గడువు పెరగదు. నోటిమాట హామీతోనూ పెరగదు. బాకీదారు జార్ఖండ్ దాటి వెళ్లినా లెక్క ఆగదు. దేశం బయట ఉన్న కాలాన్ని మాత్రం మినహాయిస్తారు. అప్పీలు ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని కోరవచ్చు. దావాకు ఆ వెసులుబాటు లేదు. ప్రతివాది నోరు మెదపకపోయినా, కాలదోషం పట్టిన దావాను కోర్టు కొట్టేయాల్సిందే. కోవిడ్ వేళ 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు లెక్క నుంచి తప్పించింది. అది అసాధారణ మినహాయింపు.

సాక్షులు పోతారు, కాగితాలు చెదలు పడతాయి, పాత తగాదాతో ఎవరినీ జీవితాంతం వెంటాడరాదన్నది చట్టం ఉద్దేశం. అయితే దారి మూసుకుపోలేదు. గడువులోగా బాకీదారు అప్పును ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత చెల్లించి నోటు వెనక తన చేత్తో జమ రాసినా ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. పై నోటుపై 2024 మార్చి 5న అలా జమ పడితే 2027 మార్చి 5 వరకు ధీమా. గడువు దాటాక ఒప్పుకోలు చాలదు. చెల్లిస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే, 1872 కాంట్రాక్టు చట్టం కింద ఆ హామీ చెల్లుతుంది.

భూమి సంగతి ఇంకా తీవ్రం. యాజమాన్య హక్కు ఆధారంగా స్వాధీనం కోరే ప్రైవేటు వ్యక్తికి సాధారణంగా 12 ఏళ్లు గడువు. అది దాటితే దావాతోపాటు హక్కే పోతుంది.

డబ్బు అడగడానికి మొహమాటమైతే, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నోటు వెనక సంతకమైనా అడగడం మేలు.