గుట్ట మీది నన్నారిని గట్టు మీదికి తెద్దాం

తాడిమర్రి మండల రైతులకు, గొర్రెల కాపర్లకు, షర్బత్ అంగళ్ల వారికి, పంచాయతీ సభ్యులకు మనవి.

ఎండలు ముదిరాయంటే ధర్మవరంలోనైనా హిందూపురంలోనైనా నన్నారి సోడాకు గిరాకీ. నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి, నల్లటి పాకం పోసి ఇస్తారు. ఆ పాకం ఎక్కడిదని ఎవరూ అడగరు. చాలా సీసాల్లో ఉండేది ఎసెన్సు, చక్కెర. అసలు సరుకైతే మాత్రం కొండల్లో ఎవరో గడ్డపారతో పెళ్లగించిన మారెడు కొమ్ముల, అంటే నన్నారి గడ్డల, రసం.

శాస్త్రజ్ఞులు డెకాలెపిస్ హామిల్టోనై అనే ఈ తీగపొద దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. రాతి సందులు, నీరు నిలవని గరపనేల, పాకడానికి పక్కన ఒక పొద ఉంటే చాలు. ఆకు తుంచితే పాలు కారతాయి. చిన్న పసుపు పూల గుత్తులు రాలాక జంటకాయలు వస్తాయి. అవి ఎండి పగిలితే జిల్లేడు గింజల్లాగే విత్తనాలు దూదితో ఎగిరిపోతాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేర్చింది.

కరువు దీన్నేం చేయలేదు, గడ్డలో నీరు దాచుకునే జాతి. చిక్కంతా ఆ గడ్డతోనే. సుగంధిపాల వేరు సన్నగా ఉంటుంది, దీనిది బొద్దుగా ఉంటుంది, వాసనంతా అందులోనే. కాయ పగలకముందే తవ్వేస్తే తల్లీ పోతుంది, పిల్లా పోతుంది. తవ్వేవాళ్లను తిట్టి ఏం లాభం? పని దొరకని రోజు గుట్టెక్కుతారు. మిగులు బేరగాడిది.

షర్బత్ మానమని మేం అనడం లేదు. పంచాయతీ నర్సరీలో నారు పెంచండి. విత్తనం సత్తువ తొందరగా పోతుంది, కొమ్మ అంత సులువుగా వేరు పట్టదు, ఒక్కో రైతు విడిగా చేయగల పని కాదది. వేరుశనగ నమ్ముకుని నష్టపోయిన వారికి పొలం గట్టున, కంచె వెంట రెండు వరుసలు భారం కావు. కొండ మీద తవ్వేవారు విత్తనం రాలేదాకా ఆగాలి, కొన్ని వేర్లు నేలలోనే వదలాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. తన పరిధిలో వ్యాపారం కోసం సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం ఆ కమిటీకుంది. మన ఊరి కమిటీ ఎక్కడ కూర్చుంటుంది? ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో నన్నారి రాశారా? వచ్చే గ్రామసభలో సర్పంచ్‌ను ఈ రెండూ అడగండి, జవాబు మినిట్స్‌లో రాయించండి.